చెరువుపై పౌర జ్యూరీ: సంబంధిత పక్షాలను ఎక్కడ కలుపుకోవాలి, ఎక్కడ ఆపాలి

పౌర జ్యూరీ అంటే చీటీ తీసి ఎంచిన మామూలు జనం కొన్ని రోజులు కూర్చుని, అన్ని వైపుల వాదనలూ విని, ప్రశ్నలడిగి, తమలో తాము చర్చించుకుని ఒక ప్రజా సమస్యపై సిఫార్సులు చెప్పడం. 1970లలో అమెరికాలో, జర్మనీలో రూపం దిద్దుకున్న ఈ పద్ధతి తెలుగు నేలకు కొత్త కాదు. 2001 జూన్ చివరి వారంలో అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో ‘ప్రజాతీర్పు’ జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రణాళిక ‘విజన్ 2020’ చెప్పిన వ్యవసాయ భవిష్యత్తు మీద చిన్న, సన్నకారు రైతులు, వారిలోనూ ఎక్కువమంది మహిళలు, జ్యూరీగా కూర్చుని తీర్పు చెప్పారు.

జ్యూరీలో కూర్చునేవాళ్లు ఎవరికీ ప్రతినిధులు కారు. కానీ సమస్య చుట్టూ ప్రతినిధులు ఉంటారు: సంఘాలు, శాఖలు, వ్యాపారులు, ఉద్యమకారులు. ఆఫీసుల్లో స్టేక్‌హోల్డర్లు అనే వీళ్లను ఇక్కడ ‘పక్షాలు’ అందాం. పక్షాలను దూరం పెడితే సిఫార్సులు వచ్చిన మర్నాడే “మమ్మల్ని ఎవరడిగారు?” అని తోసిపుచ్చుతారు. మరీ దగ్గరికి రానిస్తే జ్యూరీ నోట వాళ్ల మాటే పలుకుతుంది. అందుకే ఏ పక్షానికి ఏ దశలో ఎంత చోటు అన్నది మొదటే రాసిపెట్టుకోవాలి. పౌర జ్యూరీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

కింది దశలన్నిటికీ ఊహించిన ఒకే ఉదాహరణ తీసుకుందాం. తెలంగాణలోని ఒక పట్టణంలో 60 ఎకరాల చెరువు ఉంది. మురుగునీరు కలుస్తోంది, కింద ఆయకట్టు తగ్గిపోతోంది, చుట్టూ కాలనీలు లేస్తున్నాయి. 24 మంది జ్యూరీ, రెండు శని, ఆదివారాలు కలిపి నాలుగు రోజులు, ముందు పది వారాల సన్నాహం. ఆంధ్రప్రదేశ్‌లో చేసేవాళ్లు నిబంధనలు, శాఖల పేర్లు మార్చుకుంటే చాలు.

1. ముందు ప్రశ్న, తర్వాత దానికి జవాబుదారీ

“చెరువు సుందరీకరణకు ఏం చేయాలి?” అని అడగకండి. ఆ మాటతోనే వాకింగ్ ట్రాకు ఖాయమైపోయి, రజకుల చాకిరేవుకు చోటు పోతుంది. ప్రశ్నలో ఎంపిక ఉండాలి, పరిమితి ఉండాలి. ఉదాహరణకు: “వచ్చే పదేళ్లు ఈ చెరువు ముందుగా ఎవరెవరి అవసరాలు తీర్చాలి? మున్సిపాలిటీ కేటాయించిన 4 కోట్లతో ఏ పనులు ముందు చేయాలి, ఏవి చేయకూడదు?” 2014లో మెల్‌బోర్న్ నగర పాలక సంస్థ తన పదేళ్ల ఆర్థిక ప్రణాళికను 43 మంది పౌరుల ముందు పెట్టింది. డబ్బు పరిమితి కళ్ల ముందు ఉన్నందువల్లే అక్కడ చర్చ కోరికల చిట్టాగా జారిపోలేదు.

జ్యూరీ చేతిలో లేనివి మొదటే చెప్పేయండి. పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు ఓటుతో మారేది కాదు. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా. మన ఉదాహరణలోని చెరువు 24 హెక్టార్ల పైచిలుకు కాబట్టి 30 మీటర్లు వర్తిస్తుంది. దాన్ని తగ్గించమని సిఫార్సు చేయించుకోవాలని ఎవరైనా జ్యూరీని పెడుతుంటే ఆ పనిలో చేరకండి.

తర్వాత రాతపూర్వక హామీ. చెరువుకు యజమాని ఒక్కరు కారు: నీళ్లు, తూము సాగునీటి శాఖవి, చేపల హక్కు మత్స్య శాఖ ద్వారా సంఘానిది, భూమి రికార్డు రెవెన్యూది, మురుగు మున్సిపాలిటీది. ఒక్క మున్సిపల్ కమిషనర్ సంతకంతో మొదలుపెడితే సగం సిఫార్సులు “మా పరిధి కాదు” అన్న ఒక్క వాక్యంతో పోతాయి. నాలుగు చోట్ల నుంచీ ఇదే హామీ ఉండాలి: సిఫార్సులు అందిన 60 రోజుల్లో ఒక్కొక్కదానికీ విడిగా జవాబు, తిరస్కరిస్తే కారణం. మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం కూడా తీసుకోండి, ఎందుకంటే కమిషనర్ బదిలీ అవుతారు, తీర్మానం ఉంటుంది. ఎన్నికల నియమావళి వచ్చే నెలలు చూసుకోండి. ఆరు నెలల్లో మున్సిపల్ ఎన్నికలుంటే వాయిదా వేయడం మేలు.

2. పక్షాల పట్టిక వేయడం

ఆఫీసులో కూర్చుని వేసిన పట్టికలో ఆఫీసుకు వచ్చేవాళ్లే ఉంటారు. కట్ట మీదికి వెళ్లండి. తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, ఒక పనిరోజు, ఒక ఆదివారం. పొద్దున నడకకు వచ్చేవాళ్లూ, మధ్యాహ్నం గేదెలు కడిగేవాళ్లూ ఒకరినొకరు ఎరగరు. ఆ తర్వాత రికార్డులు: మత్స్య సహకార సంఘం సభ్యుల జాబితా, సాగునీటి శాఖ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) దగ్గర ఆయకట్టు వివరాలు, ఆ వార్డుల ఇంటి పన్ను రిజిస్టరు.

కలిసిన ప్రతి ఒక్కరినీ చివర్లో రెండు ప్రశ్నలడగండి. “ఇంకా ఎవరిని కలవాలి?” “మీ మాటను ఒప్పుకోనివాళ్లు ఎవరు?” రెండోది మరీ ముఖ్యం. మొదటి ప్రశ్నకు స్నేహితుల పేర్లే వస్తాయి. కొత్త పేర్లు రావడం ఆగేదాకా తిరగండి.

పేర్లన్నిటినీ నాలుగు గడుల్లో గుర్తు పెట్టండి: లాభనష్టాలు ఎవరికి, అధికారం ఎవరికి, విషయం ఎవరికి తెలుసు, పనిని ఆపగల శక్తి ఎవరికి. మొదటి గడిలో మాత్రమే గుర్తు పడి మిగతా మూడూ ఖాళీగా ఉన్నవాళ్లను ఎర్ర సిరాతో చుట్టండి. మన చెరువు దగ్గర వాళ్లు ఎవరంటే: చాకిరేవు మీద బతికే రజకులు, నీళ్లు తగ్గాక శిఖం భూమిలో సాగు చేసుకునేవాళ్లు, గడ్డి కోసుకునే ఆడవాళ్లు, దిగువన మురుగు మధ్య అద్దెకుంటున్నవాళ్లు, ఎఫ్‌టీఎల్ లోపలని తెలియక ప్లాటు కొన్న చిన్న ఉద్యోగులు. వీళ్లు సమావేశానికి పిలిస్తే రారు. మీరే వెళ్లాలి.

సంఘం అధ్యక్షుడి మాట సంఘం మాట అనుకోవద్దు. మత్స్య సహకార సంఘంలో సభ్యత్వం ఉన్నవాళ్ల ప్రయోజనం వేరు, గట్టున చేపలు కొని బజారులో అమ్మే ఆడవాళ్ల ప్రయోజనం వేరు. కాలనీ సంక్షేమ సంఘంలో ఇంటి యజమానులే ఉంటారు, కిరాయిదారులు కనపడరు. పట్టా ఉన్న రైతు ఆయకట్టును ప్లాట్లుగా అమ్మాలని చూస్తుంటే, అదే పొలం కౌలుకు చేస్తున్నవాడికి తూము నీళ్లే కావాలి. అందుకే పట్టికను సంఘాల వారీగా కాకుండా ప్రయోజనాల వారీగా కుదించండి. పదిహేను సంఘాలు, శాఖలు చివరికి ఎనిమిదో తొమ్మిదో ప్రయోజనాలుగా తేలతాయి. పద్ధతి న్యాయంగా నడుస్తోందా అని చూసే పర్యవేక్షణ సంఘానికీ, జ్యూరీ ముందు మాట్లాడే సాక్షుల ఎంపికకూ తర్వాత ఇదే పట్టిక ఆధారం.

3. అందరినీ ఒకచోటికి పిలిచేముందు ఒక్కొక్కరితో

మొదటి సమావేశమే అఖిలపక్షంలా పెడితే అందరూ తమ మనుషులు వినాలని మాట్లాడతారు. ముందు విడివిడిగా, వాళ్ల చోటనే, ఒక్కొక్కరితో ముప్పావు గంట కూర్చోండి. చేపలవాళ్లను పొద్దుటి అమ్మకం ముగిశాక, అధికారులను వారాంతపు సమీక్షలు లేని రోజున, గడ్డి కోసేవాళ్లను కట్ట మీదే కలవండి.

అడగాల్సినవి ఐదు. చెరువుతో మీకున్న పని ఏమిటి? ఏది జరిగితే మీకు నష్టం? ఏ సమాచారం జ్యూరీకి తప్పనిసరిగా తెలియాలి, దాని కాగితం ఎక్కడుంది? మీరు ఎవరి మాట నమ్ముతారు, ఎవరి మాట నమ్మరు? మీకు నచ్చని సిఫార్సు వస్తే ఏం చేస్తారు?

నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబులను కలిపి చూస్తే పర్యవేక్షణ సంఘానికి అధ్యక్షులు ఎవరైతే నిలబడతారో తెలుస్తుంది. ఐదోది అడగడానికి మొహమాటపడొద్దు. “కోర్టుకు వెళ్తాం” అనే పక్షం ముందే తెలిస్తే వాళ్లు లేవనెత్తబోయే చట్టపరమైన అంశాన్ని మొదటి రోజే జ్యూరీ ముందు పెట్టవచ్చు.

మీరు ఇవ్వగల మాటలు రెండే: మీ వాదన మీ మాటల్లోనే జ్యూరీకి చేరుతుంది, పద్ధతిలో తప్పు కనిపిస్తే చెప్పుకునే చోటు ఉంటుంది. జ్యూరీలో సీటు, ఫలానా సాక్షిని పిలవకపోవడం, ఫలితం ఇలా ఉంటుందన్న సూచన, ఈ మూడింటిలో ఏదీ ఎవరికీ ఇవ్వకండి, ఎంత పెద్దవారైనా సరే.

రాని పక్షం కోసం పని ఆపొద్దు. రెండుసార్లు స్వయంగా కలిసి, మూడోసారి ఉత్తరం ఇచ్చి, తేదీలు రాసిపెట్టుకోండి. ఎప్పుడు వచ్చినా వింటామని చెప్పండి. చెరువు భూమి మీద కోర్టులో కేసులున్నవాళ్లు వకీలు వద్దన్నాడంటారు. అలాంటివాళ్ల నుంచి రాతపూర్వక వాదన తీసుకుని, కోర్టులో ఉన్న ప్లాట్ల జోలికి జ్యూరీ పోదని వాళ్లకు కాగితం ఇవ్వండి.

4. పర్యవేక్షణ సంఘం

పక్షాలకు చట్రంలో దొరికే అసలైన చోటు ఇది. నిర్వాహకులు నిష్పక్షపాతంగా ఉన్నారా అని చూడడం దీని పని. మన ఉదాహరణకు 9 నుంచి 11 మంది చాలు. ప్రయోజనానికి ఒక సీటు, ఎన్ని సంఘాలున్నా. పైన ఎర్ర సిరాతో చుట్టిన వర్గాల నుంచి కనీసం ముగ్గురు. ఒంటరిగా కూర్చున్న ఒక్క రజక మహిళ కమిషనర్ ఎదుట నోరు విప్పదు, తోడుంటే మాట్లాడుతుంది. అధ్యక్షులుగా ఏ పక్షంతోనూ సంబంధం లేని పెద్దమనిషి కావాలి: పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి, వేరే జిల్లాలో పనిచేసిన మాజీ అధికారి, అందరూ గౌరవించే విశ్రాంత ఉపాధ్యాయురాలు. స్థానిక నాయకుల బంధుత్వం కూడా చూసుకోండి.

ప్రజాతీర్పు అనుభవం ఇక్కడ బాగా పనికొస్తుంది. అప్పటి ప్రభుత్వ దృక్పథం, ఎగుమతుల కోసం సేంద్రియ సాగు, స్థానిక స్వావలంబన అనే మూడు భవిష్యత్తులను జ్యూరీ ముందు పెట్టారు. పద్ధతి న్యాయంగా ఉందా అని చూడటానికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తితో సహా బయటివారితో పర్యవేక్షక బృందం ఉంది. తీర్పు వెలువడ్డాక, అప్పట్లో రాష్ట్రానికి సాయం అందిస్తున్న బ్రిటన్ సంస్థ డీఎఫ్ఐడీ అధికారులు దాని పద్ధతి మీద, ఆధారాల మీద గట్టి అభ్యంతరాలు లేవనెత్తారు. ఆ వాదన చాలాకాలం నడిచింది. అంత ఒత్తిడిలో నిర్వాహకులు చూపించగలిగిన బలమైన ఆధారాల్లో ఆ బృందం ఒకటి. పెద్ద పక్షానికి రుచించని తీర్పు వస్తే దాడి మొదట పద్ధతి మీదే జరుగుతుంది కాబట్టి, పద్ధతిని ముందే ఆ పక్షంతో కూడా ఒప్పించుకుని ఉండాలి.

బ్రిటన్ పార్లమెంటుకు చెందిన ఆరు కమిటీలు వాతావరణ మార్పు మీద 2020లో జరిపించిన పౌర సభ ‘క్లైమేట్ అసెంబ్లీ’కి కూడా భిన్న ప్రయోజనాల వారితో సలహా మండలి ఉండేది. సమాచారంలో సమతూకం చూడడమే దాని పని, సిఫార్సుల్లో దానికి పాత్ర లేదు.

ఒక పేజీ ఒప్పందం రాయండి. సంఘం చేసేవి: ప్రశ్న వాక్యాన్ని, సమాచార పుస్తకాన్ని, సాక్షుల జాబితాను ఆమోదించడం, చీటీ తీతకు సాక్షిగా ఉండడం, ఫిర్యాదులు వినడం. చేయనివి: జ్యూరీ సభ్యులను ఎంచడం, జ్యూరీ చర్చలో కూర్చోవడం, జ్యూరీ సభ్యులను ఆ రోజుల్లో విడిగా కలవడం, సిఫార్సుల్లో అక్షరం మార్చడం. అందరి సంతకం, అధికారులతో సహా.

నాలుగు సమావేశాలు సరిపోతాయి: ప్రశ్న మీద ఒకటి, పుస్తకం ముసాయిదా మీద ఒకటి, తుది పుస్తకమూ సాక్షుల మీద ఒకటి, అంతా అయ్యాక పద్ధతి ఎలా నడిచిందో చెప్పే సంతకాల నివేదిక కోసం ఒకటి. ఒప్పుదల కుదరనప్పుడు ఓటింగ్‌కు పోకండి. ఓటు పెడితే మెజారిటీ పక్షాలు మైనారిటీ పక్షం సమాచారాన్ని తీయించేస్తాయి. ఒక వాస్తవం మీద తగాదా తేలకపోతే రెండు కథనాలూ పక్కపక్కన అచ్చువేయండి. సాక్షి మీద తగాదా తేలకపోతే ఆ సాక్షినీ, అభ్యంతరం చెప్పిన పక్షం కోరిన సాక్షినీ ఇద్దరినీ పిలవండి.

దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం 2016లో అణు వ్యర్థాల నిల్వ మీద 300 మందికి పైగా పౌరులతో జ్యూరీ జరిపింది. మూడింట రెండొంతుల మంది ఆ ఆలోచనను తిరస్కరించారు. సమాచారం మీద, ప్రభుత్వం మీద నమ్మకం లేకపోవడం, ఆదివాసీల సమ్మతి లేకపోవడం వారు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి. ప్రభావితమయ్యేవాళ్లను ఎంత ముందుగా కలుపుకోవాలో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

5. చీటీ తీయడం

ఈ దశలో పక్షాలది చూసే పాత్ర మాత్రమే. పేర్లు సూచించనివ్వకండి. “మా వార్డు నుంచి మంచి చదువుకున్నవాడిని ఇస్తాం” అనే మాట తప్పకుండా వస్తుంది.

బ్రిటన్ క్లైమేట్ అసెంబ్లీకి 30,000 ఇళ్లకు ఉత్తరాలు రాసి, వచ్చిన జవాబుల్లోంచి మళ్లీ చీటీ తీసి ఎంచారు. 108 మంది కూర్చున్నారు. మన దగ్గర ఉత్తరానికి జవాబు రాసే అలవాటు తక్కువ కాబట్టి తలుపు తట్టాలి. పోలింగ్ కేంద్రాల వారీగా ఓటర్ల జాబితాల్లోంచి యాదృచ్ఛికంగా 600 ఇళ్లు తీయండి, అంటే ఒక్కో సీటుకు 25. ఓటు వేరే ఊళ్లో ఉన్న వలస కూలీలు ఈ జాబితాలో రారు. వాళ్లుండే బస్తీల్లో ఇళ్లు లెక్కపెట్టి, ఐదో ఇల్లు, పదో ఇల్లు అని విడిగా కలపండి. తలుపు తీసిన మగవాడు “నేను వస్తా” అంటాడు. ఇంట్లో ఎవరు రావాలో కూడా చీటీయే చెప్పాలి: ఇంట్లో 18 దాటినవాళ్లలో పుట్టినరోజు అందరికంటే దగ్గర్లో ఉన్నవారిని అడగండి.

సరే అన్నవాళ్లలోంచి రెండో చీటీ. సగం మహిళలు. వయసు, వార్డు, సామాజిక వర్గం, సొంతిల్లా అద్దె ఇల్లా అన్న లెక్కలో జ్యూరీ పట్టణాన్ని పోలి ఉండాలి. ఈ రెండో చీటీని కౌన్సిల్ హాల్లో, పర్యవేక్షణ సంఘం ఎదుట, పేర్లకు బదులు నంబర్లతో తీయండి. 24 మందితో పాటు నలుగురు అదనం.

పక్షాల పదాధికారులు, పట్టికలోని శాఖల ఉద్యోగులు, కౌన్సిలర్లు, వీళ్లందరి ఇంట్లోవాళ్లు జ్యూరీకి అనర్హులు. మామూలు సభ్యులు రావచ్చు. చేపలు పట్టేవాడి పేరు చీటీలో వస్తే రానివ్వండి, సంఘం అధ్యక్షుడి పేరు వస్తే వద్దు. రాజకీయ నాయకులను కూర్చోబెట్టవచ్చా అని అడుగుతారు. ఐర్లండ్ 2012–14 రాజ్యాంగ సదస్సులో 66 మంది పౌరులతో పాటు 33 మంది నాయకులను కూర్చోబెట్టింది. 2016లో మొదలైన తర్వాతి పౌర సభలో వాళ్లను తీసేసి 99 మంది పౌరులనే ఉంచింది. కౌన్సిలర్ ఎదుట వార్డు మనిషి ఎదురు మాట్లాడటం కష్టమైన మన పట్టణాలకు రెండో దారే సరైనది.

ఐర్లండ్ నుంచే మరో హెచ్చరిక. ఖాళీలు నింపేటప్పుడు కొత్తగా చేర్చిన ఏడుగురిని, నిబంధన ప్రకారం కాకుండా, తెలిసినవాళ్ల ద్వారా ఎంపిక చేసినట్లు 2018లో బయటపడింది. ఎంపిక చేసే ఉద్యోగికి పని భారమైతే దగ్గరి దారి వెతుక్కుంటాడు. కాబట్టి ప్రతి పదో ఇంటికి మరొకరిని పంపి సరిచూడండి.

రోజుకు 800 రూపాయల చొప్పున ఇస్తే 24 మందికి నాలుగు రోజులకు 76,800 అవుతుంది. ఇది ఇవ్వకపోతే కూలి పోగొట్టుకోలేని మనిషి రాడు, జ్యూరీ పింఛనుదారులతో, ఉద్యోగులతో నిండిపోతుంది. పిల్లల్ని చూసుకునే మనిషినీ, ఆటో ఛార్జీలనూ కూడా లెక్కలో పెట్టండి.

6. సమాచార పుస్తకం

పదహారు పేజీలు దాటొద్దు, పెద్ద అక్షరాలు, తెలుగులో. మొదటి సగం అందరూ ఒప్పుకున్న వాస్తవాలు: చెరువు పటం, ఎఫ్‌టీఎల్ గీత, మురుగు ఎక్కడెక్కడ కలుస్తోంది, ఆయకట్టు, చేపల హక్కు, చట్టాలు, 4 కోట్లతో ఏ పనికి ఎంతవుతుందో ఇంజినీరు అంచనా. రెండో సగం పక్షాలది, ఒక్కొక్కరికి ఒకే కొలత చోటు, ముప్పావు పేజీ, వాళ్ల మాటల్లోనే. రాయలేని పక్షం చెబుతుంటే మీరు రాసి, చదివి వినిపించి, ఒప్పుకున్నాకే అచ్చుకు పంపండి. మెరుగులు దిద్దొద్దు. చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటును వాళ్లు మత్తడి అంటే మత్తడే ఉంచండి, అలుగు అంటే అలుగు.

అంకె చెప్పిన ప్రతి పక్షం దాని కాగితం చూపాలి. చూపలేకపోతే “ఇది ఫలానా పక్షం చెబుతున్న అంకె” అని రాసి ఉంచండి. చదవడం రానివాళ్ల కోసం పుస్తకమంతా ఆడియోగా రికార్డు చేసి ఫోన్లో ఇవ్వండి. ప్రజాతీర్పులో మూడు భవిష్యత్తులనూ వీడియోలుగా చూపించారు. చదువు రాకపోవడం జ్యూరీకి అడ్డు కాదని అది రుజువు చేసింది.

7. సాక్ష్యాల రోజులు

మొదటి శనివారం పొద్దున అందరినీ చెరువు చుట్టూ నడిపించండి. తూము, మత్తడి, మురుగు కాలువ కలిసే చోటు, రేవు కళ్లతో చూశాక జ్యూరీ అడిగే ప్రశ్నలే మారిపోతాయి. ఈ నడకలో పక్షాల మనుషులు వెంట రాకూడదు. దారి చూపడానికి తూములు చూసుకునే సాగునీటి శాఖ లస్కరు ఒక్కరు చాలు.

తర్వాత రోజున్నర సాక్ష్యాలు. ఒక్కో సాక్షికి గంట: మాట్లాడడానికి 15 నిమిషాలు, సాక్షిని బయటికి పంపి జ్యూరీ ఆరుగురేసి బల్లల చుట్టూ ప్రశ్నలు తయారుచేసుకోవడానికి 15, జవాబులకు 30. మధ్యలోని ఆ పావుగంటను సమయం చాలక తీసేయాలనిపిస్తుంది. తీస్తే ధైర్యం ఉన్న ముగ్గురే అన్ని ప్రశ్నలూ అడుగుతారు. ఈ లెక్కన రోజున్నరలో ఎనిమిది మంది సాక్షులు పడతారు. ఆరు చోట్లే ముందు నింపండి. రెండు ఖాళీగా ఉంచి ఎవరిని పిలవాలో జ్యూరీనే అడగండి. పక్షాల్లో ఎవరికీ తట్టని పేరు అక్కడే వస్తుంటుంది, పొలాలకు చెరువు నీళ్లు వదిలే పని చేసిన పాత నీరటి లాంటివారు. రెండు వారాంతాల మధ్య ఉన్న ఐదు రోజులు వాళ్లను ఒప్పించి తీసుకురావడానికే.

సాక్షుల్లో రెండు రకాలున్నారని జ్యూరీకి మొదటే చెప్పండి: విషయం తెలిసి చెప్పేవారు, తమ పక్షం కోసం వాదించేవారు. ఇద్దరూ అవసరమే, కానీ ఎవరు ఏ హోదాలో వచ్చారో వాళ్ల మెడలో కార్డు మీద రాసి ఉండాలి. ఐర్లండ్ పౌర సభ గర్భస్రావ చట్టం మీద నిపుణులను విన్నాక, 2017 మార్చిలో 17 వాదించే సంఘాలకు విడిగా సమయం ఇచ్చింది. 12 వేలకు పైగా రాతపూర్వక అభిప్రాయాలు కూడా వచ్చాయి. సీటు దొరకని పక్షానికి రాతపూర్వక వాదన పెట్టుకునే దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. కాకపోతే ఒక పేజీకి మించనివ్వకండి, లేదా ఒక్కొక్కటీ ఒక పేజీకి కుదించి జ్యూరీకి ఇవ్వండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు చాలావరకు ముందే ఊహించవచ్చు. అధికారి తాను రాకుండా కిందివాడిని పంపుతాడు, అతను ప్రతిదానికీ “సార్‌ని అడిగి చెబుతా” అంటాడు. హామీ పత్రంలోనే ఎవరు వస్తారో హోదాతో సహా రాయించుకోండి. ఇంగ్లిషు మాటలు దొర్లితే జ్యూరీ ఊరుకుండిపోతుంది. ప్రతి సభ్యుడికీ ఎర్ర కార్డు ఇచ్చి, అర్థం కాకపోతే ఎత్తమనండి, మొదట మీరే ఒకసారి ఎత్తి చూపండి. వేదిక, పూలదండ, జ్యోతి ప్రజ్వలన వద్దు. సాక్షి కూడా జ్యూరీ కూర్చున్న రకం కుర్చీలోనే, అదే ఎత్తులో కూర్చోవాలి. ఎమ్మెల్యే వస్తే నమస్కారం పెట్టి, పర్యవేక్షణ సంఘం వరసలో కుర్చీ వేసి, మాట్లాడే సమయం సాక్షుల జాబితా ప్రకారమేనని చెప్పే బాధ్యతను సంఘం అధ్యక్షులకు ముందే అప్పగించండి. భోజనం, బాడుగ, బ్యానర్, ఏదీ ఏ పక్షం ఖర్చుతోనూ వద్దు. భోజనాల బల్ల దగ్గర సాక్షులనూ జ్యూరీనీ కలవనివ్వకండి, వేరే గది చూడండి.

సాక్ష్యాలు బహిరంగంగానే జరగాలి. పక్షాలు, విలేకరులు వెనక కూర్చుని వినవచ్చు. జ్యూరీ సభ్యుల ఫొటోలు, పేర్లు మాత్రం చివరి రోజు దాకా ప్రచురించవద్దని ఒప్పించుకోండి. పేరు బయటికొచ్చిన రాత్రే ఇంటికి మనుషులు వస్తారు.

8. తలుపులు మూసిన చర్చ, ఒక్కసారి మాత్రం తెరవడం

రెండో శనివారం మధ్యాహ్నం నుంచి జ్యూరీ, చర్చ నడిపేవారు తప్ప గదిలో ఇంకెవరూ ఉండకూడదు. పక్షాలూ లేరు, పర్యవేక్షణ సంఘమూ లేదు, డబ్బిచ్చినవారూ లేరు. చర్చ నడిపేవారు బల్లకు ఒకరు చొప్పున నలుగురు, వేరే ఊరివాళ్లయితే మంచిది, మహిళలు కనీసం ఇద్దరు.

శనివారం సాయంత్రానికి ముసాయిదా సిఫార్సులు వస్తాయి. ఆ రాత్రే వాటిని శాఖలకూ పక్షాలకూ పంపి, ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా ఒక్కో సిఫార్సు మీద ఐదు వాక్యాలకు మించని రాతపూర్వక స్పందన అడగండి: చట్టం ఒప్పుకుంటుందా, ఎంతవుతుంది, దీనివల్ల మాకేమవుతుంది. దీన్ని చాలామంది నిర్వాహకులు వదిలేస్తారు, పక్షాలను మళ్లీ రానిస్తే ఒత్తిడి తెస్తారన్న భయంతో. కాగితం మీద, అందరికీ కనపడేలా, ఒకే ఒక్కసారి అయితే అది ఒత్తిడి కాదు. “నిమజ్జనానికి వేరే కుంట తవ్వాలి” అన్న సిఫార్సుకు ఆ స్థలం మీద కేసుందని రెవెన్యూ చెబితే, జ్యూరీ అక్కడికక్కడే దాన్ని మార్చుకోగలదు. లేదంటే రెండు నెలల తర్వాత అదే కారణంతో తిరస్కరిస్తారు. స్పందనలను చర్చ నడిపేవారు చదివి వినిపించి, ఏ స్పందన ఎవరిదో చెప్పి, జ్యూరీకి వదిలేయాలి.

తుది ఓటు రహస్యంగా, ఒక్కో సిఫార్సుకు విడిగా. 24లో 19 ఓట్లు వస్తే సిఫార్సు, తక్కువైతే అది ‘ఏకీభవించని అంశాల’ పట్టికలోకి. ఓడిన వాదనను రెండు మూడు వాక్యాల్లో నివేదికలో ఉంచండి. నివేదిక వాక్యాలు జ్యూరీవే. మీరు అక్షరదోషాలు మాత్రం దిద్దండి.

9. జవాబు రాబట్టడం

నివేదికను జ్యూరీ సభ్యులే కౌన్సిల్ ముందు చదవాలి, పక్షాలందరినీ పిలిచి. 60 రోజుల గడువు ఆ రోజు నుంచి మొదలు. జవాబు పట్టిక నమూనా మీరే ఇవ్వండి: సిఫార్సు, ఒప్పుకున్నారా లేదా కొంతవరకా, కారణం, ఏ అధికారి, ఏ తేదీలోగా, ఏ పద్దు నుంచి. నమూనా ఇవ్వకపోతే “పరిశీలనలో ఉంది” అన్న ఒకే వాక్యం అన్ని గడుల్లోనూ వస్తుంది.

ఫ్రాన్స్‌లో చీటీ తీసి ఎంచిన 150 మంది పౌరులు 2019 అక్టోబరు నుంచి 2020 జూన్ దాకా వాతావరణ మార్పు మీద కూర్చుని 149 ప్రతిపాదనలు ఇచ్చారు. వాటిని వడపోత లేకుండా ముందుకు తీసుకెళ్తానని అధ్యక్షుడు మాక్రాన్ ముందే మాటిచ్చారు. వాటిలో చాలా చట్టమయ్యేసరికి పలచబడ్డాయి. 2021 ఫిబ్రవరిలో ఆ పౌరులే మళ్లీ కూడి, తమ ప్రతిపాదనలను ప్రభుత్వం ఎంతవరకు తీసుకుందన్నదానికి 10కి 3.3 మార్కులు వేశారు. పక్షాల ఒత్తిడి జ్యూరీ గదిలో ఆగినా, ఆ తర్వాత ఆగదు. అందుకే పెద్ద మాట ఇప్పించుకోవడం కంటే తేదీలున్న చిన్న మాట ఇప్పించుకోండి, మార్కులు వేసే సమావేశాన్ని కూడా మొదటే తీర్మానంలో రాయించండి.

ఆరు నెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి చొప్పున రెండు సమీక్షలు పెట్టండి. జ్యూరీలోంచి ఐదుగురు, పర్యవేక్షణ సంఘంలోంచి ఐదుగురు ఇందులో ఉంటారు. పక్షాల బలం ఇక్కడ నిజంగా పనికొస్తుంది: తూము మరమ్మతు జరిగిందో లేదో ఆయకట్టు రైతుకు తెలిసినంత ఎవరికీ తెలియదు, మురుగు మళ్లించారో లేదో చేపలవాళ్లు నీళ్లు చూసి చెబుతారు. రెండు సమీక్షలకూ ఆటో ఛార్జీలు, కూలి డబ్బులు, ఛాయ్ ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే వేరుగా తీసిపెట్టండి. మిగిలితే చూద్దామనుకుంటే మిగలవు.